పెద్దకోడలి పేరిట రక్తం

పోటీవాడు మన కొట్టు పక్కనే కొట్టు పెడితే ఓర్చుకోవచ్చు. మన దగ్గర తూకం నేర్చుకుని పోయి పెడితేనే కడుపు మండుతుంది. డిటెక్టివ్ తక్కెడకి ఆ ఇంటి గుమ్మం దాటేసరికి ఆ మంట అంటుకుంది. హాల్లో మెత్తటి కుర్చీలో షోకు కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. కప్పు కింద సాసరు కూడా ఉంది.

డిటెక్టివ్ పనిలోకి రాకముందు ఆమె ధాన్యం హోల్‌సేల్ కొట్టు నడిపింది. తక్కెడ అన్న పిలుపు అప్పటిదే. షోకు ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరి, పని నేర్చుకుని, వెళ్ళేటప్పుడు ఆమె క్లయింట్లలో సగం మందిని తోలుకుపోయినవాడు. చొక్కా నలగనివ్వడు, మాట తడబడనివ్వడు; షోకు అన్న పిలుపు అందుకే.

"రండక్కా రండి. కొంచెం ఆలస్యమైంది. కేసు అయిపోయింది," అన్నాడు.

"అయిపోయిందా, అయిందనిపించావా?"

"ఎలా అయినా ఫీజు ఒకటేగా."

ఆ ఇంటి చిన్నకొడుకు షోకుని పెట్టుకున్నాడు. తక్కెడని పెట్టుకున్నది ల్యాబు డాక్టరు. చిన్నకొడుకు భార్యకి ఎనిమిదో నెల. ఈ వారం మొదట్లో ఒక్కసారిగా బీపీ ఎగదన్ని ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. బిడ్డ గాజుపెట్టెలో ఉన్నాడు. తల్లి ఆసుపత్రిలో తెలిసీ తెలియని మగతలో ఉంది. నెల కిందట ఇదే ప్రమాదం ముందుగా పట్టుకోవడానికని ఆమె రక్తం ల్యాబుకి పంపితే, భయం లేదని రిపోర్టు వచ్చింది. సాయంత్రంలోగా తప్పు ఎవరిదో తేలకపోతే చిన్నకొడుకు పోలీసు స్టేషన్‌కి వెళ్తాడు. ల్యాబుకి తాళం, రక్తం తీసినామెకి సంకెళ్ళు.

ఆ రక్తం తీసినామె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"తేలికండీ," అన్నాడు షోకు, కుర్చీలో కూర్చున్న అత్తగారి వైపు తిరిగి. "ఇద్దరు కోడళ్ళూ కడుపుతో ఉన్నవాళ్ళే. ఆ రోజు ఇద్దరి రక్తమూ తీశారు. చిన్నామె పేరు మీద మంచి రిపోర్టు, పెద్దామె పేరు మీద చెడ్డ రిపోర్టు. ఫిట్స్ వచ్చిందేమో చిన్నామెకి. పెద్దామె గుండ్రాయిలా ఉంది. అంటే గొట్టాలు తారుమారయ్యాయి. మార్చింది ఈ మహాతల్లి."

తక్కెడ పళ్ళు బిగించింది. దారిలో ఆటోలో కూర్చుని తనూ సరిగ్గా అదే లెక్క కట్టుకుంది. తన సరుకు పక్కకొట్టులో ముందే అమ్ముడైపోయిన బాధ ఎలాంటిదో వ్యాపారం చేసినవాళ్ళకే తెలుస్తుంది. వాడు తప్పు చెబితే బాగుండునని ఆమె మనసు కోరుకుంది. కోరుకున్నందుకు సిగ్గేసింది కానీ, కోరిక మాత్రం తగ్గలేదు.

తక్కెడ స్టూలు లాక్కుని, రక్తం తీసినామె ముందు కూర్చుంది.

"గొట్టాల మీద పేర్లు ఎప్పుడు అంటిస్తావమ్మా?"

"తీసిన వెంటనే అంటించాలండీ."

"ఎప్పుడు అంటించాలని అడగలేదు. ఎప్పుడు అంటిస్తావు?"

ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంది. "గ్లౌజులతో పట్టుకుంటే లేబుల్ జిగురు అంటుకుని చిరుగుతుందండీ. అందుకని గొట్టాలు స్టాండులో పెట్టి, గ్లౌజులు తీసి, చేతులు కడుక్కొచ్చి అప్పుడు అంటిస్తా. మొదటి గూట్లో మొదటి మనిషిది, రెండో గూట్లో రెండో మనిషిది. అందరూ అలాగే చేస్తారు మేడం. ఒప్పుకోరు గానీ."

"విన్నారా!" అన్నాడు షోకు.

"నువ్వు కాఫీ తాగు నాయనా, చల్లారిపోతుంది. ఆ రోజు మొదట ఎవరిది తీశావమ్మా?"

"చిన్నమ్మగారిది. సూదంటే ఆవిడకి ప్రాణం పోతుంది. మొహం గోడవైపు తిప్పేసుకుని అత్తగారి చెయ్యి పిండేశారు. తర్వాత పెద్దమ్మగారిది. ఆవిడ సూది లోపలికి దిగడం కూడా కళ్ళార్పకుండా చూశారు."

"నువ్వు చేతులు కడుక్కోడానికి పోయినప్పుడు స్టాండు దగ్గర ఎవరున్నారు?"

"చిన్నమ్మగారికి కళ్ళు తిరుగుతున్నాయని అత్తగారు గదిలోకి తీసుకెళ్ళారండీ. పెద్దమ్మగారు సోఫాలోనే ఉన్నారు."

షోకు నవ్వాడు. "అంటే పెద్దామె మార్చిందంటారా? అక్కా, తన పేరు మీద చెడ్డ రిపోర్టు తెప్పించుకోడానికి ఎవరైనా గొట్టాలు మారుస్తారా? నష్టానికి ఎవరు కొంటారు?"

ఆ ప్రశ్నలో బలం ఉంది. నష్టానికి ఎవరూ కొనరు. కొన్నారంటే, మనకి నష్టంలా కనిపించేది వాళ్ళకి లాభమై ఉండాలి. ఆ లాభం ఏమిటో వెతుక్కుంటూ తక్కెడ అత్తగారి వైపు తిరిగింది.

"పెద్దకోడలికి చెడ్డ రిపోర్టు వచ్చాక ఇంట్లో ఏం చేశారమ్మా?"

"ఏం చేస్తామమ్మా, హడలిపోయాం. ల్యాబు డాక్టరే ఫోను చేశారు, వెంటనే ఆసుపత్రిలో చూపించుకోమని. మా పెద్దది పుట్టింటి ఊళ్ళో డాక్టరమ్మకి తప్ప ఇంకెవరికీ చూపించుకోదు. వెళ్ళొచ్చి, మందులిచ్చారు, మంచం దిగొద్దన్నారు అంది. పెద్దాడేమో ఓడ మీద ఉద్యోగం, ఆరునెల్లకోసారి మొహం చూపిస్తాడు. ఇంక నేనే కదా చూసుకోవాలి! దాన్ని మేడ మీద గదిలోంచి కాలు బయట పెట్టనివ్వలేదు."

"మరి పైగదికి తిండీ నీళ్ళూ?"

అత్తగారు మెట్ల వైపు చూపించింది. "చిన్నదే మోసేది. పొద్దున్నా సాయంత్రమూ మెట్లెక్కి దిగేది. కాళ్ళు వాచాయే అంటే, కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలే అత్తయ్యా, నా రిపోర్టు బాగుందిగా అనేది. అసలు రోగిష్టి పనిచేసింది తల్లీ, ఆరోగ్యంగా ఉన్నది పడుకుంది. ఈ గొట్టాల వల్ల!"

"కోడళ్ళిద్దరికీ పడుతుందా?"

"పిల్లలు లేక పెద్దది ఏళ్ళతరబడి కుమిలింది. చిన్నది కాపురానికొచ్చిన ఏడాదిలోనే నెల తప్పింది. ఆ కబురు చెప్పిన రోజు పెద్దది అన్నం ముట్టలేదు. చీర మంచిది కట్టుకున్నా చిన్నదాని వైపు ఓరగా చూసేది. కొన్నాళ్ళకి దానికీ నిలిచింది. అప్పట్నుంచీ ఒక్కటైపోయారు. అక్కా అక్కా అని ఇది దాని వెంటే."

తక్కెడ తలూపింది. ఓరగా చూడడం ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ గదిలో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని అదే.

"రెండోసారి కూడా రక్తం తీశారు కదూ?"

"పెద్దదానికి తీశారు. పది రోజుల కిందట ల్యాబు వాళ్ళే మళ్ళీ పంపమన్నారు."

"ఆ రిపోర్టు ఏమైంది?"

"ముందుకంటే ఎక్కువ చూపించింది," అని షోకు అందుకున్నాడు. "అదే ల్యాబు మోసానికి రుజువు. తప్పు కప్పుకోడానికి పాత అంకెకే కాస్త రంగు పూసి పంపించారు. మిషను ఎక్కించనే లేదు."

"ఆ రోజు రక్తం నువ్వే తీశావా?" తక్కెడ గోడ దగ్గరామెని అడిగింది.

"నాకెక్కడ ఇస్తారండీ? మంచి ఇళ్ళన్నీ కొత్తగా వచ్చినతనికే." ఏడుపు మధ్యలోనూ ఆమె మూతి వంకర తిరిగింది. "అతనే వచ్చాడు. పైగదిలో, మంచం మీదే తీశాడట. పేషెంటు సూదంటే భయమని మొహం నిండా తువ్వాలు కప్పుకుందని నాతో చెప్పుకుని నవ్వాడు. నాకు మండింది. కళ్ళార్పని మనిషికి సూది భయమేమిటి? నీకు సూది పట్టుకోవడం రాక నొప్పి పుట్టించి ఉంటావు అన్నాను."

తక్కెడ లేచింది. "పైగది చూడొచ్చా అమ్మా?"

పెద్దకోడలు ఇంట్లో లేదు. ఆసుపత్రిలో చిన్నకోడలి పక్కన కూర్చునే వంతు పొద్దున్నుంచీ ఆమెదే. మంచం దిగకూడని మనిషి ఎలా వెళ్ళిందని అడిగితే, రక్తం మంచిదేనని తేలిపోయాక ఇంక ఆగలేదమ్మా, చెల్లెలి దగ్గరికి పరుగెత్తింది అని అత్తగారు కళ్ళు ఒత్తుకుంది.

గది శుభ్రంగా ఉంది. మంచం ఒక పక్క గోడకి చేరవేసి ఉంది. కిటికీకి మందమైన కర్టెన్. తక్కెడ బీరువా తలుపు తీసింది. చీరలు, వదులుగా కుట్టించుకున్న గౌన్లు. రెండు మూడు నెలల్లో కానుపు కావలసిన మనిషి గదిలో ఒక చిన్న చొక్కా లేదు, ఒక పక్కగుడ్డ లేదు. లారీ దిగుమతికి వస్తోందంటే ఎంత బద్ధకస్తుడైనా గోడౌన్ ఒక మూల ఊడుస్తాడు. ఇక్కడ ఎవరూ చీపురు పట్టలేదు.

చీరల వెనక చెయ్యి పెట్టింది. బయటికి వచ్చింది సానిటరీ ప్యాడ్ల ప్యాకెట్. సగం వాడేశారు.

గుమ్మంలో షోకు. "పాతది అయ్యుంటుందక్కా."

తక్కెడ ప్యాకెట్ తిప్పి, తయారైన నెల అచ్చు వేసిన చోట వేలు పెట్టి చూపించింది. రెండు నెలల కిందటిదే. షోకు వంగి చూశాడు. మళ్ళీ చూశాడు.

"కానుపయ్యాక వాడతారుగా," అన్నాడు, ఈసారి కాస్త నెమ్మదిగా.

"వాడతారు. ముందే సగం వాడేసి దాచుకోరు."

ఆమె ల్యాబు డాక్టరుకి ఫోను కలిపి, షోకుకి కూడా వినపడేలా స్పీకరు పెట్టింది. కావాలనే పెట్టింది.

"డాక్టరుగారూ, మీ రిపోర్టులో ఉన్న అంకె ఒకటే. అది దేని లెక్క?"

"అది నిష్పత్తమ్మా. కడుపులో మావి రెండు రకాల ప్రొటీన్లని తల్లి రక్తంలోకి వదులుతుంది. ఒకటి రక్తనాళాలని పెంచేది, రెండోది ఆ పెంపుని అడ్డుకునేది. అడ్డుకునేది పెరిగి, పెంచేది తగ్గితే ప్రమాదం. ఒకదాన్ని రెండోదానితో భాగించి వచ్చిన అంకె ఇస్తాం. గీత లోపల ఉంటే ఊరట, దాటితే జాగ్రత్త."

"భాగించక ముందు అంకెలు రెండు ఉంటాయిగా. చిన్నకోడలి పేరు మీద వచ్చినవి చెప్పండి."

"నిష్పత్తి చక్కగా ఉందమ్మా. ఎవరూ అవి అడగరు..."

"ధాన్యం కొట్టులో ఒక సంగతి ఉంది డాక్టరుగారూ. రెండు పళ్ళేలూ సమంగా ఉన్నాయంటే సరుకు సరిగ్గా తూగిందని అందరూ అనుకుంటారు. పళ్ళేలు రెండూ ఖాళీగా ఉన్నా ముల్లు మధ్యలోనే నిలుస్తుంది. మీ పళ్ళేల్లో సరుకు ఉందా లేదా, అది చూసి చెప్పండి."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"అమ్మా..." డాక్టరు గొంతు మారిపోయింది. "రెండూ అడుగంటి ఉన్నాయి. ఏడో నెలలో ఇవి వందల్లో, వేలల్లో ఉండాలి. ఇది... ఇది కడుపుతో ఉన్న మనిషి రక్తం కాదు. నేను నిష్పత్తి చూసి సంతకం పెట్టేశాను."

"మరి పెద్దకోడలి పేరు మీద రెండోసారి వచ్చింది? పాత అంకెకి రంగు పూసి పంపారని ఇక్కడ ఒకాయన అంటున్నాడు."

"నా చేత్తో రెండుసార్లు ఎక్కించాను. నిండు గర్భిణి రక్తం. ప్రమాదం ముదిరి ఉంది. వెంటనే ఆసుపత్రిలో చేరమని ఆవిడకే చెప్పాను. తలనొప్పి వచ్చినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా, పక్కటెముకల కింద నొప్పి పుట్టినా నిమిషం ఆగొద్దన్నాను. అన్నీ శ్రద్ధగా విని, నేను చెప్పినవి మళ్ళీ నాకే అప్పజెప్పింది."

తక్కెడ ఫోను పెట్టేసి షోకు వైపు చూసింది. వాడి నుదుటి మీద చెమట పట్టింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మొహం అది. ఆమె తొందరపడలేదు. బేరం కుదిరాక డబ్బు లెక్కపెట్టుకునే మనిషిలా ఒక్కొక్కటే వాడి ముందు పరిచింది.

"పెద్దామెకి కడుపు లేదు. ఉన్నది మధ్యలో పోయి ఉంటుంది. చెల్లెలి ముందు ఓడిపోయానని చెప్పుకోలేక గుడ్డలు చుట్టుకుంది. రక్తం తీస్తే బయటపడుతుంది కాబట్టి గూళ్ళలో గొట్టాలు మార్చింది. నష్టానికి ఎవరు కొంటారన్నావుగా? ఆమెకి కావలసింది మంచి రిపోర్టు కాదురా. గర్భిణి రిపోర్టు."

"మరి రెండోసారి? అప్పుడు ఉన్నది ఒకే గొట్టం." షోకు గొంతులో పొగరు లేదు. "మార్చడానికి రెండోది లేదు."

"గొట్టం మారలేదు. మనిషి మారింది. తువ్వాలు కప్పుకున్నది ఎవరనుకున్నావు? ఈ ఇంట్లో సూదికి మొహం తిప్పుకునేది ఒక్కతే."

చెప్పేసి ఆమె వాడి మొహం చూస్తూ నిలబడింది. వాడు ఏదైనా అంటాడని, మీరే గెలిచారు అక్కా అంటాడని. వాడు అన్నది వేరు.

"అంటే చిన్నామెకి అంతా తెలుసు. ఆ సంగతి బయటపెట్టగల మనిషి ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆమె పక్కన ఎవరు కూర్చున్నారక్కా?"

లాభం లెక్కపెట్టుకుంటూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంది తను, కొట్టు వెనక తలుపు బార్లా తెరిచిపెట్టి. వాడికి తట్టింది తనకి తట్టలేదు. ఆ కుళ్ళు కూడా చురుక్కుమంది, ఆ క్షణంలో కూడా.

ఆసుపత్రికి ఫోను చేసింది. వార్డు నర్సు ఎత్తింది.

"చిన్నమ్మాయిని చేర్చిన రోజు మోచేతి దగ్గర సూది గుర్తు ఏమైనా చూశారా సిస్టర్?"

"కమిలిపోయిన మచ్చ ఉందండీ, మానుతున్నది. ఇటీవల రక్తం ఏమీ తీయలేదన్నారు ఇంటివాళ్ళు. రాసిపెట్టాను కూడా. అన్నట్టు మంచి కబురు, ఆమెకి పూర్తిగా తెలివొచ్చింది. వేరే గదిలోకి మార్చాం. వాళ్ళ అక్కగారున్నారు తోడు. కాసేపు ఇద్దరం మాట్లాడుకుంటాం, తలుపు వేసుకుంటాం అన్నారు."

"ఆ తలుపు తీయించండి. మీరు లోపలే నిలబడండి. వస్తున్నా."

షోకు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. కారు తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి. తక్కెడ వెళ్ళి వాడి పక్క సీట్లో కూర్చుంది.

ఆసుపత్రి గది తలుపు తెరిచే ఉంది. నర్సు సెలైన్ సీసా సర్దుతున్నట్టు నటిస్తూ లోపలే నిలబడింది. పెద్దకోడలు మంచం అంచున కూర్చుని, చిన్నకోడలి చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. వదులు గౌను కింద పొట్ట ఎత్తుగా కనిపిస్తూనే ఉంది. చిన్నకోడలి పెదవులు పగిలి ఉన్నాయి. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. తక్కెడకి ఊపిరి అందింది.

"మీరేనా ఇంట్లో అందరినీ ప్రశ్నలు అడుగుతున్నది?" అంది చిన్నకోడలు, మాట కూడదీసుకుని. "మా అక్కనేమీ అనకండి. అయిదో నెలలో పోయిందండీ తన బిడ్డ. నాకొక్కదానికే చెప్పుకుంది. రక్తం నేనిస్తానన్నది నేనే."

"మొదటిసారి తన పేరు మీద చెడ్డగా వచ్చిందిగా. ఎందుకని అడగలేదా అమ్మా?"

"అడిగాను. కడుపు లేనిదాని రక్తం కదే, మిషను తికమకపడి ఏదో చూపించింది అంది. నీ రక్తం ఇస్తే సరిపోతుంది, వాళ్ళు నన్ను వదిలేస్తారు అంది."

"ఇచ్చాక ఏమొచ్చిందట?"

చిన్నకోడలు నవ్వబోయింది. "చాలా బాగా వచ్చిందట. నీ రక్తం బంగారమే చెల్లీ అంది అక్క. ఆ ధైర్యంతోనే ఉన్నానండీ. ఆ వారమంతా తల పగిలిపోయింది, కళ్ళ ముందు మెరుపులొచ్చాయి. అక్కకి చెబితే, రిపోర్టు బాగుందిగా, పడుకుంటే తగ్గుతుంది అంది. అందుకే ఇంకెవరికీ చెప్పలేదు."

నర్సు చేతిలో సీసా ఆగిపోయింది. గుమ్మంలో షోకు తల దించుకున్నాడు. పెద్దకోడలు మాత్రం ఎవరినీ చూడలేదు. చెల్లెలి వేళ్ళని ఒక్కొక్కటే నిమురుతూ ఉంది.

"నాకు లేచి తిరిగే ఓపిక ఇప్పట్లో రాదన్నారు," చిన్నకోడలు కళ్ళు మూసుకుంటూ అంది. "ఇందాకే ఆయనకి ఫోను చేసి చెప్పేశాను. బాబుని పెట్టెలోంచి తీశాక అక్క ఒళ్ళోనే పెట్టమన్నాను. పుట్టింటి ఊరు తీసుకెళ్ళి పెంచుకుంటానంది. పాపం, తనకీ ఒకడు కావాలిగా."

తక్కెడ ఒక అడుగు ముందుకి వేసింది.

పెద్దకోడలు అప్పుడు తలెత్తింది. కళ్ళలో తడి లేదు. గెలిచిన కళ్ళు అవి. అలాంటి కళ్ళు తక్కెడ గంట కిందటే ఆ పైగదిలో పెట్టుకుని నిలబడింది.

"విన్నారుగా," అంది పెద్దకోడలు. "తనంతట తనే మాటిచ్చింది. మీరే సాక్షి."